మొద్దు గులాబి లోపల

ఆస్పత్రిలో అక్క మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చున్నానో లేదో, ఆవిడ నోట వచ్చిన మొదటి మాట కడుపులో గడ్డ గురించి కాదు. సోమవారం పొద్దున జరగబోయే ఆపరేషన్ గురించి అసలే కాదు.

"మొద్దు లేచిందా?" అంది.

మొద్దు అంటే మా అక్క పెరట్లో ఉన్న గులాబి. ఏడాది పొడుగునా ముళ్ళేసుకుని గోడకి ఆనుకుని పడుకునే ఉంటుంది. పక్కింట్లో గులాబీలు నెలనెలా పూస్తుంటే దీనికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఎండలు ముదిరే ముందు ఏదో ఒక ఉదయం ఉన్నట్టుండి లేచి, కొద్ది వారాలపాటు ఒళ్ళంతా పూసి, మళ్ళీ ముసుగు తన్నేస్తుంది. మిగతా ఏడాదంతా అక్క దాన్ని తిడుతూ నీళ్ళు పోస్తుంది.

"లేచింది. మొన్ననే మొదటిది విచ్చుకుంది" అన్నాను.

అక్క పైకప్పు వైపు చూసింది. "నేనిటు రాగానే అది లేచిందన్నమాట. చూశావా దాని పొగరు!"

"ఒకటి కోసి తెద్దునా?"

"కోశావంటే చేతులు విరిచేస్తా."

అక్క తన పువ్వుల్ని ఎవర్నీ కొయ్యనివ్వదు. విచ్చుకున్నది విచ్చుకున్నట్టే కొమ్మమీదే వడిలి, రేకులు తమంతట తాము రాలాలి. అయినా ఆవిడ ఒప్పుకున్నా లాభం లేదు. గది తలుపు మీదే పువ్వు బొమ్మ వేసి, దానికి అడ్డంగా ఎర్రగీత కొట్టారు. పచ్చి పువ్వులు, మొక్కలు, మట్టి ఈ వార్డులోకి రాకూడదు.

మంచం అవతల మా బావ నిలబడి ఉన్నాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. కూర్చోమన్నా కూర్చోడు. ఇప్పటికీ ఎక్కడ నిలబడినా ఒక చెయ్యి పైకెత్తి ఏదో ఒకటి పట్టుకుంటాడు. ఇక్కడ సెలైన్ సీసా తగిలించే కమ్మీ దొరికింది.

"ఫోన్లో ఫొటో తీసి చూపించాను మరదలా" అన్నాడు.

"అది పువ్వా, బీట్‌రూట్ ముక్కా?" అంది అక్క. ఆ తర్వాత నా వైపు తిరిగి, నవ్వకుండా, "ఒసేయ్, కాగితంతో చెయ్యి. ఊరందరికీ చేస్తావుగా. నాకొకటి చెయ్యి. లోపలికి తీసుకెళ్ళే ముందు ఒక్కసారి దాన్ని చూస్తాను. అచ్చం దానిలాగే ఉండాలి. కొట్లో పెట్టే గులాబి తెచ్చావంటే చెత్తబుట్టలో పడేస్తా" అంది.

సరేనన్నాను. కానీ ఒక్కసారి చూస్తాను అన్న ఆ మాట గుండెలో ముల్లులా దిగింది.

నా భయం ఎలాంటిదో చెప్పాలి. అమ్మ మంచాన పడ్డప్పుడు సముద్రం చూడాలంది. ఎవరిదో కారు అడిగి తీసుకెళ్ళి చూపించాం. ఇసుకలో కూర్చుని తృప్తిగా నవ్వింది. ఆ నెల దాటలేదు. మా ఆయన, అటక మీద తుప్పుపట్టిన తన సైకిలు దింపించి, తుడిపించి, గంట మోగించి విన్నాడు. ఆ వారమే వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ మంచం మీదున్న మనిషి ఫలానాది చూడాలంటే నాకు దడ పుడుతుంది. కోరిక తీరిపోతే ఆ మనిషికి ఇంక ఇక్కడ పనేముంటుంది అనిపిస్తుంది. పిచ్చి ఆలోచనే. బడికి పోకపోయినా, పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని, ఆ తర్వాత లైబ్రరీ అలమరలన్నీ తిరగేసినదాన్ని. పిచ్చి అని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన దడ ఆగదు కదా.

డాక్టరు గడ్డ గురించి పెద్దగా బెంగపడలేదు. "ఈ వయసులో మత్తు తట్టుకోవాలి, అదే" అన్నాడు. ఆ 'అదే' నాతోపాటు ఇంటికి వచ్చింది.

నేనుండే గది టైలరు దుకాణం పైన. కింద మిషన్లు నడుస్తుంటే పైన నా బల్ల సన్నగా వణుకుతుంది, జిగురు గిన్నెలో చిన్నచిన్న అలలు లేస్తాయి. ఆ బల్ల దగ్గరే ఇన్నేళ్ళూ కాగితప్పూలు చేశాను. బట్టల కొట్ల అద్దాల వెనక పెట్టడానికి, ఫొటో స్టూడియోలకి, నాటకాల వాళ్ళకి. క్రేప్ కాగితానికి ఒళ్ళంతా సన్నటి ముడతలుంటాయి. ఆ ముడతలు నిలువుగా వచ్చేలా రేకు కత్తిరించాలి. అప్పుడు రెండు బొటనవేళ్ళు మధ్యలో పెట్టి మెల్లగా పక్కలకి లాగితే, ముడతలు విడి రేకు దోసిలిలా లోతుపడుతుంది. అడ్డంగా కత్తిరిస్తే మాత్రం ఎంత బతిమాలినా లొంగదు. అంచుని అల్లిక సూదికి చుట్టి వదిలితే వెనక్కి వంపు తిరుగుతుంది. తీగకి ఒక మొగ్గ కట్టి, దాని చుట్టూ చిన్న రేకులు, వాటి చుట్టూ పెద్దవి, ఆ పైన ఇంకా పెద్దవి. కళ్ళు మూసుకున్నా నా వేళ్ళకి ఆ వరస తెలుసు.

ఆ వరసలోనే ఒకటి చేశాను. శుక్రవారం మధ్యాహ్నం బావ వచ్చి గుమ్మం పైకమ్మి పట్టుకుని నిలబడి చూశాడు.

"బావుంది" అన్నాడు.

"సరిగ్గా చెప్పండి బావా."

"బావుందనే అంటున్నాగా. మా బస్సులో డ్రైవరు అద్దానికి ఇలాంటిదే కట్టుకునేవాడు."

అంతే. దాన్ని తీసి పక్కన పడేశాను. ఇద్దరం అక్క పెరట్లోకి నడిచాం.

మొద్దు ఒళ్ళంతా పూసి ఉంది. ఇన్నేళ్ళు చూసిన మొక్కే. కానీ చెయ్యాలని చూడటం వేరు. నా గులాబీలన్నిటికీ మధ్యలో ఒక మొన ఉంటుంది, అన్ని రేకులూ దాన్ని చుట్టుకుని ఉంటాయి. దీనికి మొన లేదు. ఎవరో అరచేత్తో అదిమినట్టు మొహం చదునుగా ఉంది. ఆ మొహంలో రేకులు నాలుగు గుంపులుగా కూర్చున్నాయి, నలుగురు మనుషులు తలలు దగ్గర పెట్టి రహస్యం చెప్పుకుంటున్నట్టు. అంచుల్లో పాలిపోయిన గులాబిరంగు. లోపలికి పోయేకొద్దీ ముదురు. వంగి చూశాను, పక్కనుంచి చూశాను, కళ్ళద్దాలు తీసి చూశాను. ఆ రేకులు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నాయో అంతుపట్టలేదు.

"కొయ్యాలి బావా. లోపల చూడకుండా చెయ్యలేను."

"చేతులు విరుస్తానంది మీ అక్క."

"నా చేతులే కదా."

"నీ దాకా వస్తే కదా! మధ్యలో నేను దొరుకుతాను." కాసేపు ఆలోచించి ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "నేను చూడలేదు. రద్దీ బస్సులో టికెట్టు లేనివాడు దిగిపోతుంటే చూస్తామా ఏమిటి?"

కత్తెర పెట్టి తెంపాను. ఇంత చిన్న చప్పుడుకి అంత ఉలిక్కిపడ్డాను.

గదికి తెచ్చి, బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, కిటికీ తెరిచి, బయటి రేకుతో మొదలుపెట్టాను. ఊడదీసినది ఊడదీసినట్టు వరసలో పేర్చుకుంటూ పోయాను. బయటి రేకులు పెద్దవి, కనురెప్పంత పల్చన. వెలుతురుకి పట్టుకుంటే నా వేలు అవతలినుంచి కనిపించింది. వాటి లోపలివి చిన్నవి. ఇంకా లోపలివి మధ్యకి మడిచి, ఆ మడతలో ఇంకొకటి, దాని మడతలో మరొకటి, పెట్టెలో సర్దిన చేతిరుమాళ్ళలా ఉన్నాయి. ఒకదాని అంచు నొక్కుపడి ఉంది. ఒకదానికి నడిమధ్యన తెల్లటి చార. ఏ రెండూ ఒకలా లేవు. వాసన కూడా మారుతూ వచ్చింది. పైన కొత్త సబ్బులాంటిది, మధ్యలో తేనె. ఇంకా లోపల ఏదో తడివాసన, వాన మొదలవబోయే ముందు గాలికి ఉండేది. గుడ్డ నిండింది. ఇంకో గుడ్డ పరిచాను. పువ్వు ఇంకా మిగిలే ఉంది. పిడికిట్లో ఇమిడే పువ్వులో ఇంత చోటు ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. లెక్కపెడదామనుకుని మధ్యలో తప్పి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ తప్పి వదిలేశాను.

ఆఖరికి ఒక చిన్న రేకు చేతికి వచ్చింది. గోరంత కూడా లేదు. దాని అంచు ఒకవైపు మెలితిరిగి గట్టిపడి ఉంది. ఆ గట్టిపడిన చోట పసుపు చుక్క ఒకటి. అలాంటివే ఇంకొన్ని వచ్చాయి. రేకుగా మొదలై ఇంకేదో అయినట్టు, లేక ఇంకేదో అవబోయి రేకుగా మారినట్టు. వాటి నడుమ ఆకుపచ్చటి బొడిపె, చిన్న చొక్కా గుండీ అంత. అంతే. ఇంకేం లేదు.

ఆ చుక్కల రేకుని సాసర్లో పెట్టుకుని వీధి చివర మొక్కలమ్మే ఆయన దగ్గరికి వెళ్ళి, అక్క పెరట్లోదని చెప్పి చూపించాను. ఆయన రబ్బరు పైపు పట్టుకుని కుండీలు తడుపుతున్నాడు. మాటలు మొదలైతే పైపు సంగతి మర్చిపోయే మనిషి.

"ఇదా! ఇది కేసరం కావాల్సింది, రేకైపోయిందమ్మా" అన్నాడు.

"తప్పు పుట్టుకా?"

"తప్పేముంది? పాతకాలం ముద్దగులాబీలు కొన్ని ఇంతే. పుప్పొడి ఉండాల్సిన చోట కూడా రేకులేసుకుని కూర్చుంటాయి. మీ అక్కగారి మొక్కకి ఎప్పుడైనా కాయ చూశారా?"

గుర్తు చేసుకున్నాను. ఎప్పుడూ చూడలేదు.

"కాయదు. కాయ లేదు, విత్తనం లేదు."

"మరి ఇన్నాళ్ళెలా బతికింది?"

"కోస్తే బతికింది" అన్నాడాయన. "ఒకరు కొమ్మ కోసి తమ ఇంట్లో గుచ్చుకున్నారు. వాళ్ళ దగ్గర ఇంకొకరు. మీ అక్కగారు ఎక్కడినుంచి తెచ్చారు?"

"మా అమ్మ పెరట్లోంచి."

"అమ్మ ఎవరినో అడిగి తెచ్చుకుని ఉంటారు. వాళ్ళు ఇంకెవరినో. ఎన్ని వందల ఏళ్ళనుంచో ఎవరికి తెలుసు? మనం తల్లి మొక్క, పిల్ల మొక్క అంటాం గానీ, విత్తనమే లేనప్పుడు పిల్లెక్కడిదమ్మా? అన్నీ ఆ ఒక్క మొక్కే. మీ సాసర్లో ఉన్నది దాని మనవరాలు కాదు. అదే."

"అదే అంటే?"

"అదే అంటే అదేనమ్మా. ఆ మొట్టమొదటిదే. అయ్యో, మీ కాళ్ళు తడిసిపోయాయి! చెప్పరేం?"

తిరిగి వస్తూ దీపస్తంభాన్ని పట్టుకుని కాసేపు నిలబడాల్సి వచ్చింది. అక్క పెళ్ళయి వెళ్ళిపోయిన రోజు నాకు బాగా గుర్తు. తడిగుడ్డలో చుట్టిన కొమ్మని ఒళ్ళో పెట్టుకుని బండిలో కూర్చుంది. నేను బండి వెనక పరిగెత్తి, కంకరలో పడి, మోకాళ్ళు కొట్టుకుపోయి ఏడ్చాను. అక్క నాకోసం కన్నా ఆ కొమ్మ కోసం ఎక్కువ జాగ్రత్తపడుతోందని ఏడ్చాను. అమ్మ మొక్క ఇప్పుడు లేదు, ఆ పెరడూ లేదు, రోడ్డులో కలిసిపోయింది. అది పోయిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అమ్మ పనంతా అయ్యాక చేతులు కొంగుకి తుడుచుకుని, వంగి, మొహం మొత్తం పువ్వులో పెట్టేది. లేచాక ఆవిడ ముక్కు మీద ఎప్పుడూ పుప్పొడి ఉండేది కాదు. ఆ సంగతి నాకు వీధి మధ్యలో, సాసరు పట్టుకుని ఉన్నప్పుడు తట్టింది. అమ్మ మొహం పెట్టింది ఈ పువ్వులోనే. దీనిలాంటి దాన్లో కాదు, దీన్లోనే. తెంచుకుని పోవడమంటే పోగొట్టుకోవడమే అని నా జీవితమంతా నమ్మాను. నా కళ్ళ ముందే ఈ మొద్దు, తెంచిన ప్రతిసారీ మొత్తంగా బతుకుతూ వచ్చింది.

ఆ తర్వాత చెయ్యడం తెలిసింది. ఒక మొగ్గ చుట్టూ కాదు. నాలుగు కట్టలు విడివిడిగా కట్టాలి. రేకులో రేకు మడిచి, కింద దారంతో బిగించి, నాలుగింటినీ ఒకదాని వీపుకి ఒకటి ఆనించి, అప్పుడు చుట్టూ పెద్ద రేకులు దోసిళ్ళలా పట్టాలి. నా చేతులు ఒప్పుకోలేదు. అలవాటుకొద్దీ రేకుని మధ్యకి తిప్పుతాయి, నేను వెనక్కి తిప్పుతాను. మొదటి కట్ట విచ్చిపోయింది. రెండోది మరీ బిగిసి ముడిలా అయింది. రంగుకి సరైన కాగితం కొట్లో లేదు. గులాబిరంగు కాగితాన్ని పల్చటి టీ నీళ్ళలో ముంచి, కిటికీలో ఎండకి పరిచాను. కొన్నిటిని ముందుగా తీశాను, లోపలి రేకులకి. కొన్నిటిని బాగా వెలిసిపోనిచ్చాను, బయటి వాటికి. తెల్లచార ఉన్న రేకుకి తెల్లచార పెట్టాను. నొక్కుపడ్డ దానికి నొక్కు పెట్టాను. కింద టైలరు మిషన్ ఆపి, "ఏంటి పిన్నిగారూ, పైన ఎవరితో పోట్లాడుతున్నారు?" అని అరిచాడు. నేను బయటికే తిడుతున్నానని అప్పుడు తెలిసింది.

శనివారం అలా గడిచింది. ఆదివారం మధ్యాహ్నానికి పువ్వు నిలబడింది. నాలుగు గుంపులూ తలలు దగ్గర పెట్టుకుని కూర్చున్నాయి. మధ్యలో పెట్టాల్సిన ఆకుపచ్చ బొడిపె, ఆ పసుపు చుక్కల రేకులు మాత్రమే మిగిలాయి.

అక్కడ ఆగిపోయాను.

కుంచె పక్కన పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. పైనుంచి చూస్తే ఏ లోటూ కనిపించదు. ఆ చుక్కల రేకులు లోపలి మడతల కింద ఉండేవి, ఎవరు చూడొచ్చారు? అక్కకి ఇలాగే ఇస్తే పూర్తికాని పువ్వునే చూసినట్టవుతుంది. అప్పుడు కోరిక తీరినట్టు కాదు. కోరిక తీరకపోతే మనిషి ఆగుతుంది. నా పిచ్చి బుర్ర అలా లెక్కలు కట్టింది. ఆ లెక్కతో నాకు కొంచెం ఊపిరి కూడా ఆడింది.

బావ వచ్చి గుమ్మం పట్టుకున్నాడు. "అయిపోయిందా?"

"కాలేదు."

"నాకైతే అయినట్టే ఉంది." ఆయన దగ్గరికి వచ్చి వంగి చూశాడు. ఆ వంగినవాడు చాలాసేపు లేవలేదు. పైకెత్తి పట్టుకునే ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగింది. "ఓరి దేవుడా" అన్నాడు. ఆ తర్వాత, "మొన్న పొద్దున నీళ్ళు పోస్తూ చూశాను కదా, ఇదే మరదలా. నొక్కుపడ్డ ఆ రేకుతో సహా ఇదే" అన్నాడు. కళ్ళజోడు తుడుచుకోవడానికి కిందికి దిగి వెళ్ళాడు.

నాకు సిగ్గేసింది. అక్క అడిగింది పువ్వుని. నేను ఇవ్వబోతున్నది నా భయాన్ని. నిజం పువ్వులో, ఎవరూ చూడని చోట, ఏ వంకా లేకుండా ఆ పసుపు చుక్క ఉంది. దాన్ని అక్కడ పెట్టినవాళ్ళెవరో, ఎవరు చూస్తారులే అనుకోలేదు. కుంచెలోంచి ఒక్క వెంట్రుక తీసి, దాని కొసతో చుక్కలు పెట్టాను. రేకులు ఒక్కొక్కటే మెలితిప్పి, చిన్న పట్టకారుతో మడతల కిందికి దించాను. ఆకుపచ్చ గుండీ చుట్టి నడుమ కూర్చోబెట్టాను. చేతులు కడుక్కుని వచ్చి చూస్తే, నేను చేసిందని నాకే నమ్మకం కలగలేదు.

సోమవారం పొద్దున చొక్కా అట్టపెట్టెలో పెట్టి తీసుకెళ్ళాను. గుమ్మంలో నర్సు ఆపింది.

"మామ్మగారూ, పువ్వులు కుదరవు. బోర్డు చూడలేదా?"

"కాగితం తల్లీ."

ఆ అమ్మాయి పెట్టెలోకి తొంగిచూసి, మొహం చిట్లించి, వాసన చూసి, వేలితో తాకి, మళ్ళీ వాసన చూసింది. తలుపు తీసింది.

అక్క ఆకుపచ్చ గౌను వేసుకుని, జుట్టు టోపీలోకి దోపుకుని, చెవులకి కమ్మలు కూడా లేకుండా కూర్చుని ఉంది. చిన్నపిల్లలా ఉంది. పెట్టె మూత నేనే తీశాను. అక్క పువ్వుని రెండు చేతుల్తో ఎత్తుకుంది. పక్కకి తిప్పింది, కిందినుంచి చూసింది, కిటికీ వైపు పట్టింది. ఆ తర్వాత వంగి మొహం మొత్తం దాన్లో పెట్టింది. చూసేసింది. ఇక అయిపోయింది అనుకున్నాను.

అక్క తలెత్తింది. "దీని లోపల ఏముందే?" అంది.

"లోపలా? రేకులే అక్కా."

"ఎలా ఉంటాయి?"

"అదేంటి, నీకు తెలీదా?"

"ఎలా తెలుస్తుంది? ఎవర్నీ కొయ్యనివ్వలేదు. నన్ను కూడా." అంటూనే బయటి రేకు పట్టుకుని పుటుక్కున లాగేసింది.

నేను కెవ్వుమన్నాను. బావ రెండు చేతుల్తో సెలైన్ కమ్మీ పట్టుకున్నాడు. అక్క వినలేదు. రేకుని తెల్ల దుప్పటి మీద పెట్టింది. ఇంకొకటి లాగింది. దాన్ని మొదటిదాని పక్కన పెట్టింది. తొందరపడలేదు. వరస పెడుతూ పోయింది. నా మూడు రోజుల ప్రాణం కళ్ళ ముందే ఊడిపోతుంటే నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. కానీ అక్క మొహం చూశాక చెయ్యి అడ్డం పెట్టలేకపోయాను. నీళ్ళు పోసిన చేతులవి, ముళ్ళ గీతలు పడ్డ చేతులు. ఒక మడత విప్పి, దాన్లో ఇంకో మడత కనిపించగానే ఆగిపోయింది.

"దీన్లో ఇంకోటుంది" అంది గుసగుసగా.

"దాన్లో కూడా ఉంది."

"నిజం దాన్లోనూ ఇంతేనా? నువ్వేమైనా కల్పించావా?"

"లేదక్కా. ఉన్నది ఉన్నట్టే."

"అంటే కోశావన్నమాట."

నేను తల దించుకున్నాను. బావ గోడ వైపు తిరిగాడు.

"చేతుల సంగతి తర్వాత చూస్తా" అంటూ అక్క మొదటి కట్టని విప్పింది. అడుగున చుక్కల రేకు బయటపడింది. దాన్ని వేలి కొసన నిలబెట్టుకుని, కళ్ళకి దగ్గరగా తెచ్చుకుంది. మొక్కలాయన చెప్పినదంతా చెప్పాను. కాయ లేదని, విత్తనం లేదని, అమ్మ దగ్గర ఉన్నదీ అక్క దగ్గర ఉన్నదీ రెండు కావని. అక్క ఆ రేకు వైపే చూస్తూ విన్నది.

"ఆ కొమ్మ నా ఒళ్ళో ఎండిపోతుందేమోనని దారంతా ఏడుస్తూ వచ్చాను" అంది. "ఏడుపు ఎందుకో నీకు తెలీదు. మీ అందర్నీ వదిలేసి వస్తున్నానని. దాన్నొక్కదాన్ని బతికిస్తే చాలనుకున్నాను." రేకుని మెల్లగా దుప్పటి మీద దించింది. "ఇది ఇంత ముసలిదని తెలిస్తే ఇన్ని తిట్లు తిట్టేదాన్నా?"

తలుపు తెరుచుకుంది. ట్రాలీ తోసుకుంటూ థియేటరు మనిషి వచ్చాడు. "టైమైందమ్మా."

"ఆగు బాబూ. ఇంకా మూడు కట్టలున్నాయి."

"డాక్టరుగారు రెడీగా ఉన్నారమ్మా."

అక్క అతన్ని చూసింది, పువ్వుని చూసింది. చేతిలో ఉన్న సగం పువ్వుని దిండు పక్కన నిలబెట్టి, ఇద్దరి సాయంతో ట్రాలీ మీదికి మారింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. అక్క మాత్రం నా చేతిని విదిలించి వేలు చూపించింది.

"ఒసేయ్, ఎక్కడివక్కడే ఉంచు. ఒక్కటి కదిపినా ఊరుకోను. మిగతాది వచ్చి చూస్తాను."

ట్రాలీ వెళ్ళిపోయింది. బావ దాని వెనకాలే వెళ్ళాడు. నేను స్టూలు మీద కూర్చుని కాపలా కాశాను. తలుపు తీసినప్పుడల్లా గాలికి రేకులు కదిలేవి, నేను రెండు చేతులూ అడ్డం పెట్టేదాన్ని. మధ్యాహ్నం ఎవరో భోజనం ట్రే తెచ్చి పెట్టి, ఎవరూ ముట్టకపోతే గిన్నెలు మాత్రం తీసుకెళ్ళారు. నా భయం పోలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి? గోడ అవతల ఏ అడుగు చప్పుడైనా తలుపు వైపు చూసేదాన్ని. కానీ దిండు పక్కన సగం విప్పిన పువ్వు నన్ను కట్టిపడేసింది. బయట రేకులు లేకపోవడంతో మిగిలిన మూడు కట్టలూ మడతలు మడతలుగా కనిపిస్తున్నాయి. వాటిని కట్టింది నేనే. ఒక్కో రేకూ నా బొటనవేళ్ళ కింద సాగిందే. అయినా నాకు తెలియనిది ఏదో వాటి లోపల ఇంకా ఉందనిపించింది, అక్క వచ్చి విప్పితే తప్ప బయటపడనిది.

ఎండ కిటికీ దాటిపోయాక ఆయా వచ్చింది, చంకలో కొత్త దుప్పటితో.

"లే పెద్దమ్మా. పేషెంటుని పైకి తెస్తున్నారు. పక్క మార్చాలి."

"తెస్తున్నారా? ఎలా ఉంది?"

"నాకెలా తెలుస్తుంది? నర్సమ్మ మార్చమంది, మారుస్తున్నా. ఈ చెత్త కాగితాలేంటి, ఊడ్చెయ్యనా?"

"ముట్టుకోకు తల్లీ!"

నేను అరిచిన అరుపుకి ఆవిడ అదిరిపడి దుప్పటి జారవిడిచింది. ఖాళీ భోజనం ట్రే తీసి, కొంగుతో తుడిచి మంచం మీద పెట్టాను. రేకులన్నీ వరస చెడకుండా దాని మీదికి చేర్చాలని, ఇది మా అక్క విప్పుతూ మధ్యలో వదిలేసి వెళ్ళిన పువ్వని చెప్పాను. ఆయా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. సణుక్కుంటూనే వంగింది. వంగి, ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది.

"ఇది కాగితమా?"

"కాగితమే."

ఆవిడ లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుని, రెండుసార్లు తుడుచుకుని వచ్చింది. పెద్ద రేకు ఒకదాన్ని రెండు వేళ్ళతో, ఊపిరి బిగబట్టి ఎత్తింది.

"ఇది ఏ వరస పెద్దమ్మా?"

"రెండోది. దాని పక్కది ముందు పెట్టు. మెల్లగా."

వరండా చివర చక్రాల చప్పుడు మొదలైంది. ఇద్దరం తలెత్తలేదు. ఇంకా ఒక వరస మిగిలే ఉంది.